పళ్ల మధ్య స్క్రూడ్రైవర్

జూన్ 3, మంగళవారం

స్పేర్ పార్టుల షాపువాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ షెడ్డులో గ్రీజు డబ్బా కింద పడి ఉంది. ఈమధ్య నాకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు. కాగితానికి చెబితే అది తిరిగి జవాబు చెప్పదు, నేను "ఏంది?" అని మళ్లీ అడగాల్సిన పనీ ఉండదు.

మహేందర్ వచ్చాడు. మా సత్తవ్వక్క కొడుకు. కోరుట్ల నుంచి జగిత్యాలకు పెట్రోలుతో నడిచే ప్యాసింజర్ వ్యాను నడుపుతాడు.

"మామా, వ్యానుకు గ్యాసు కిట్టు పెడుదాం. జగిత్యాల తొవ్వల గ్యాసు బంకు పడ్డది గదా. అమ్మ రోజు గదే మాట. పొగ లేని బండైతెనే ఎక్కుతనంటున్నది."

అక్క అనకపోతేనే ఆశ్చర్యం. మా బావ నర్సయ్య ఇరవై రెండేళ్లు డీజిల్ ఆటో నడిపి, ఆఖరి రెండేళ్లు దగ్గుతూ దగ్గుతూ పోయాడు. ఆ పొగే తిన్నదని అక్క నమ్మకం. బీడీలు కూడా తాగేవాడు కదే అంటే ఒప్పుకోదు. ఆ బీడీలు చేసింది తనే మరి.

కిట్టు బిగించేది నేనే. కోరుట్లలో ఆ పని తెలిసినవాణ్ని ప్రస్తుతానికి నేనొక్కణ్నే. డీజిల్ ఆటోలు పోయి నా షెడ్డు ముందు గడ్డి మొలుస్తుంటే, జగిత్యాలలో కిట్లు అమ్మే సతీశ్ పిలిచి నాలుగు రోజుల ట్రైనింగ్ ఇప్పించాడు. అక్కడ పాఠం చెప్పినాయన ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు పూయాలని, బుడగ లేస్తే గ్యాసు కారుతున్నట్టని నాలుగు రోజులూ అదే చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. చెవి ఉన్నవాడికి సబ్బు నీళ్లెందుకు?

జూన్ 5, గురువారం

సతీశ్ పంపిన గ్యాసు ఆటో ఒకటి చూశాను. ఎంత మెత్తని ఇంజనో! స్టార్ట్ అయిందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాల్సి వచ్చింది. రోజులు మారాయి.

నా భార్య స్వరూప బీడీలు చేయడం తగ్గించినట్టుంది. ఇంట్లో ఆకు కత్తిరించే కత్తెర చప్పుడే లేదు. మంచిదే, నడుము నొప్పి తగ్గుతుంది.

జూన్ 8, ఆదివారం

పని లేదు. షెడ్డు వెనక నిలబెట్టిన బావ ఆటో మీద టార్పాలిన్ తీసి కాసేపు అందులో కూర్చున్నాను.

ఈ బండి కోరుట్లకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. జగిత్యాల నుంచి బావ, నేను ఇద్దరమే తెచ్చాం. దారంతా అది "డుగ్ డుగ్ డుగ్" అంటుంటే మాకు మాట్లాడుకునే వీలే లేదు, మాట్లాడుకోవాలన్న తలపూ లేదు. బావ ఊరికే నవ్వుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత అక్క ఆ చప్పుడుతోనే ఇల్లు నడిపింది. బండి మూలమలుపు తిరగగానే ఎసట్లో బియ్యం పోసేది. బావ వచ్చి కాళ్లు కడుక్కునేసరికి అన్నం ఉడికేది. ఒకసారి వేరేవాళ్ల ఆటో అదే మలుపు తిరిగితే, "గది మనది గాదు, మనదానికి నాలుగో దెబ్బ జర మెల్లగ పడ్తది" అంది. వంటింట్లో కూర్చుని ఆ మాట అన్నది. మెకానిక్కును నేను, ఆ సంగతి నాకప్పటిదాకా తెలియదు. మర్నాడు ఇంజను విప్పితే నిజంగానే ఒక వాల్వు సందు ఎక్కువ.

నేను పని నేర్చుకున్నది జగిత్యాలలో, శంకరయ్య ఉస్తాద్ దగ్గర. పదిహేనేళ్ల వయసులో చేరాను. మా నాయన తాటిచెట్లు ఎక్కేవాడు, నన్నూ మోకు పట్టమన్నాడు. నాకు పైకి చూస్తేనే కళ్లు తిరిగేవి. ఉస్తాద్ మొదటి రోజే ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, మొన ఇంజనుకు ఆనించి పిడి చెవికి పెట్టుకోమన్నాడు. లోపల ఒక ఊరే ఉంది. బేరింగు గొణుగుడు, పిస్టన్ అడుగులు, వాల్వుల టకటకలు, అన్నీ విడివిడిగా.

ఉస్తాద్ మాత్రం పిడిని చెవికి పెట్టుకునేవాడు కాదు. పళ్లతో కరిచి పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "నాది పెద్ద మెకానిక్కుల పద్ధతిరా" అనేవాడు. మేము వెనక చేరి, ఇంజనును కొరుక్కు తింటున్నాడని నవ్వుకునేవాళ్లం.

అన్ని చప్పుళ్లూ ఎక్కడికి పోయాయి? ఇప్పుడు గ్యాసు, బ్యాటరీ. మొన్న బస్టాండు ముందు ఒక కరెంటు ఆటో నా వెనకే వచ్చి నిలబడినా తెలియలేదు. డ్రైవరు దిగి తిట్టాడు. హారన్ కొట్టానంటాడు. అబద్ధాలకోరు.

జూన్ 14, శనివారం

సిరిసిల్లకు పోయాను, మా బిడ్డ మనీషాను చూడటానికి. వాళ్లాయన మగ్గాలు రిపేరు చేస్తాడు. వాళ్ల గల్లీ నిండా మరమగ్గాలే. ఆ గల్లీలోకి అడుగుపెడితే మనిషి మాట మనిషికి వినబడేది కాదు. ఈసారి అంతా చప్పబడిపోయింది.

"మగ్గాలు బందు వెట్టిండ్రా బిడ్డా? ఆర్డర్లు లేవా?" అని అడిగాను.

మనీషా చేతిలో చాయ్ గ్లాసు అలాగే పట్టుకుని నా మొహం చూసింది.

"రెండు షిఫ్టులు నడుస్తున్నయి బాపూ. గిప్పుడు గూడ నడుస్తున్నయి."

నా మీద జోకు వేస్తోంది. చిన్నప్పటి నుంచీ అంతే. అరుగు మీద కూర్చుంటే కాళ్ల కింద బండ అదురుతోంది. పెద్ద లారీ ఏదో పోయి ఉంటుంది.

జూన్ 15, ఆదివారం

లారీ అయితే ఒక్కసారి అదిరి ఊరుకోవాలి. నేను కూర్చున్నంతసేపూ అదిరింది.

రోడ్డు పని జరుగుతున్నట్టుంది.

జూన్ 20, శుక్రవారం

మహేందర్ వ్యానుకు కిట్టు బిగించడం అయిపోయింది. రెండున్నర రోజుల పని. వెనక సీటు కింద సిలిండరు, దాని మెడ నుంచి ముందు దాకా ఉక్కు పైపు, మధ్యలో ఆరు జాయింట్లు. పైపును ఎక్కడా రాసుకోకుండా వంచడం చూసి మహేందర్ ఫొటోలు తీసుకున్నాడు. ఒక్క మీట తిప్పితే పెట్రోలు, ఇంకోవైపు తిప్పితే గ్యాసు. పొగగొట్టం దగ్గర తెల్ల గుడ్డ పట్టి చూపించాను, గుడ్డ తెల్లగానే ఉంది. బావ ఆటోకు పట్టి ఉంటే ఉతకడానికి కూడా పనికొచ్చేది కాదు.

సిలిండరు తెరిచి ఒక్కొక్క జాయింటు దగ్గర చెవి పెట్టి విన్నాను. చిన్న సుయ్యిమన్న చప్పుడు కూడా లేదు.

"సబ్బు నీళ్లు కొట్టవా మామా?" అన్నాడు మహేందర్.

"నా చెవి కంటె సబ్బు ఎక్కువనా అల్లుడా? పో, తీస్కపో."

పొద్దున నుంచి జలుబు కూడా ఉంది. ముక్కుకు ఏమీ తెలియడం లేదు.

జూన్ 22, ఆదివారం

వాషరు లోపం.

జూన్ 23, సోమవారం

నిన్న రెండు మాటల కంటే రాయలేకపోయాను. జరిగింది ఇది.

అక్క, ఆమెతో బీడీలు చేసే అయిదుగురు ఆడవాళ్లు, మహేందర్ వ్యానులో గంభీరావుపేటలో పెండ్లికి బయలుదేరారు. రుద్రంగి దగ్గరికి వచ్చేసరికి అక్కకు వెల్లిపాయ కుళ్లిన వాసన కొట్టింది. గ్యాసు కారితే తెలియాలని అందులో ఆ వాసన కలుపుతారు. అక్క అరిచి బండి ఆపించింది. ఇంజను ఆపగానే అందరికీ వినబడిందట. వెనక సీటు కింద నుంచి, పాము బుసకొట్టినట్టు. ఒకామె అప్పుడే అగ్గిపెట్టె తీసి బీడీ ముట్టించబోతుంటే అక్క దాన్ని గుంజి కిటికీలోంచి బయటికి విసిరేసింది. అందరూ దూకి పొలంలోకి పరిగెత్తారు. మహేందర్ సిలిండరు మూసి, చాలాసేపు ఆగి, పెట్రోలు మీద బండి నడుపుకొచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇవాళ వ్యాను షెడ్డుకు తెచ్చారు. అక్క కూడా వచ్చింది, స్వరూప వెనకే వచ్చింది. ఆరుబయట నిలబెట్టి సిలిండరు కొద్దిగా తెరిచాను. అక్క చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది. మహేందర్ మొహం చిట్లించాడు.

"ఇనవడ్తున్నదా మామా? నిన్న గిట్లనే."

"ఆఁ, ఆఁ, ఇనవడ్తున్నది" అన్నాను.

నాకేమీ వినబడలేదు. పిట్టలు కూడా లేని మధ్యాహ్నంలా ఉంది. సబ్బు నీళ్లు తెప్పించి పూశాను. సిలిండరు మెడ దగ్గరి నట్టు మీద బుడగ లేచి, నిమ్మకాయంత అయి, పగిలింది. వెంటనే ఇంకొకటి.

"వాషరు మంచిది గాదు. సతీశ్ ఇచ్చిన మాల్ గట్లున్నది" అన్నాను. మహేందర్ తలూపాడు. స్వరూప మాత్రం వాషరు వైపు చూడలేదు, నన్నే చూసింది.

జూన్ 24, మంగళవారం

నిన్న కొత్తది వేసి గట్టిగా బిగించి పంపాను. తీసిన పాత వాషరు బాగానే ఉంది. దీపం కింద పెట్టి చూశాను, గీత కూడా లేదు. నట్టు అర చుట్టు తక్కువ బిగించింది నా చెయ్యే.

అర చుట్టు.

జూన్ 26, గురువారం

రాయడానికి ఏమీ లేదు.

జూన్ 30, సోమవారం

మహేందర్ జగిత్యాలకు పోయి సతీశ్ షాపు ముందు నలుగురిలో నిలబడి నానా మాటలు అన్నాడట. ఖరాబు మాల్ అమ్మి జనాన్ని చంపుతున్నావన్నాడట. వచ్చి నాకు గొప్పగా చెప్పాడు.

"నువ్వెంత పెద్ద మెకానిక్కువో గూడ చెప్పిన మామా. మా మామ చెవి తప్పు చెప్పదన్న."

నేను తల వంచుకుని రెంచీ తుడుచుకుంటూ కూర్చున్నాను. తుడిచిన రెంచీనే మళ్లీ తుడిచాను. సతీశ్ ఫోను చేశాడు. ఎత్తలేదు. ఈమధ్య ఫోనులో మాటలు సరిగా రావడం లేదు, సిగ్నల్ బాగుండటం లేదు.

సిగ్నల్ బాగానే ఉంది. ఈ డైరీలో కూడా నేను అబద్ధాలు రాయడం మొదలుపెట్టాను. ఎవరు చదువుతారని?

జూలై 2, బుధవారం

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయాను. స్వరూప గడప దగ్గర రేకు చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెనక నుంచి వెళ్తూ, "పని ఆపినవేంది?" అన్నాను.

ఆమె తిరిగి నా మొహం ముందుకు కత్తెర ఎత్తింది. తునికాకు ఒకటి తీసి కత్తిరించింది. ఇంకొకటి. కత్తెర తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, ఆకు ముక్కలు చాటలో పడుతున్నాయి. చప్పుడు లేదు.

"గీ చప్పుడు ఇనవడ్తున్నదా నీకు?" ఆమె గట్టిగా అరిచి అడిగింది, పెదవులు చూసి అర్థం చేసుకున్నాను.

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఎనిమిది నెలల సంది చూస్తున్న. పిలిస్తె పలుకవు. పలికితె నా మూతి చూసి పలుకుతవు. టీవీ ముందట కూసుండి నేను నవ్వినప్పుడు నవ్వుతవు. అడిగితె నీకు నామోషి అయితదని ఊకున్న. నేను ఊకుండవట్టి వదినె సచ్చిపోతుండె గదా? నీదొక్కనిదే తప్పా? నాది లేదా?"

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె ఏడుపు కూడా నాకు వినబడలేదు, కళ్లతోనే చూశాను. కూర చల్లారింది. తినలేదు.

ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ కత్తెర చప్పుడు వింటూ ఈ ఇంట్లో అన్నం తిన్నాను. అది ఏ రోజు ఆగిపోయిందో చెప్పమంటే చెప్పలేను.

జూలై 4, శుక్రవారం

మహేందర్ వ్యానులోనే జగిత్యాలకు పోయాం. ఎందుకో అతనికి చెప్పలేదు. సతీశ్ షాపులో ముగ్గురు నలుగురు ఉన్నారు. మహేందర్ ఎక్కడ నిలబడి తిట్టాడో అక్కడే నిలబడ్డాను. మెల్లగా మాట్లాడుతున్నానో అరుస్తున్నానో నాకు తెలియదు. వాషరు మంచిదేనని, నట్టు నేనే సరిగా బిగించలేదని, సబ్బు నీళ్లు పూయలేదని, నాకు చెవులు వినబడవని చెప్పాను. ఆఖరి మాట రెండుసార్లు చెప్పాను.

సతీశ్ లేచి కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. నీళ్ల గ్లాసు ఇచ్చాడు. తర్వాత కాగితం తీసుకుని, నాకు చదవడానికి వీలుగా పెద్ద అక్షరాలతో రాశాడు. 'రాజన్నా, డాక్టరుకు చూపెట్టుకో. అప్పటిదాకా నీకు కిట్టు ఇయ్య. తర్వాత ప్రతి జాయింటుకు సబ్బు. నా కండ్ల ముందట.'

న్యాయమే. సబ్బు నురుగు చేయడం నామోషీ అనుకుని పోగొట్టుకున్నాను కదా పని.

తిరుగుదారిలో మహేందర్ నా వైపు చూడలేదు.

అక్క ఇంటి ముందు ఆపి ఆమెకూ అతనే చెప్పాడు. అక్క వచ్చి నా రెండు బుగ్గలూ పట్టి మొహం తనవైపు తిప్పుకుంది.

"చెవులు పోతె ఎవలన్న కొడ్తరా తమ్మీ? నోరున్నది గదా, చెప్పరాదు? నీ పేరు నిలవెట్టనీకి మా ఆరుగురిని బండ్లెక్కించినవా?"

కొడితే బాగుండేది. వదిలేసి లోపలికి పోయింది.

జూలై 7, సోమవారం

స్వరూప, నేను జగిత్యాల చెవుల డాక్టరు దగ్గరికి పోయాం. ఆడ డాక్టరు. ఇనుప పట్టకారు లాంటిది ఒకటి తీసి, బల్లకు కొట్టి నా చెవి దగ్గర పెట్టింది. ఏమీ లేదు. తర్వాత దాని కాడను చెవి వెనక ఎముకకు ఆనించింది.

గుయ్యిమంది! కుర్చీలోంచి లేచినంత పని చేశాను. తల నిండా మోగింది.

నరం బాగానే ఉందట. చెవి లోపల చప్పుడును మోసే చిన్న ఎముక బిగుసుకుపోయిందట. గాలిలోంచి వచ్చే చప్పుడు అక్కడే ఆగిపోతోంది, ఎముక గుండా వస్తే లోపలికి చేరుతోంది. ఆపరేషన్ చేయవచ్చు, అది కుదిరేదాకా మిషన్ పెట్టుకోవచ్చు. ఇవన్నీ స్వరూప కాగితం మీద రాసి చూపింది. బేరింగు మంచిదే, లింకు జామయిందన్నమాట. ఈ భాష అయితే నాకు అర్థమవుతుంది.

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాక శంకరయ్య ఉస్తాద్ గుర్తొచ్చాడు. స్క్రూడ్రైవర్ పళ్లతో కరిచి పట్టుకునేవాడు. మాతో ఎప్పుడూ అరుస్తూ మాట్లాడేవాడు. మేము మాట్లాడుతుంటే కళ్లలోకి చూడకుండా మూతి చూసేవాడు. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు, పొగరు అనుకునేవాళ్లం.

ఉస్తాద్‌కు వినబడేది కాదు. అన్నేళ్లూ. ఎవరికీ చెప్పలేదు. పెద్ద మెకానిక్కుల పద్ధతి అన్నాడు, మేము నమ్మాం, వెనక చేరి నవ్వాం. బస్టాండులో అందరూ చూస్తుండగా నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆయన ఉంటే ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒకరి మూతి ఒకరం చూసుకునేవాళ్లం.

జూలై 13, ఆదివారం

బావ ఆటోను పాత ఇనుముకు పంపే రోజు. పొద్దున మహేందర్ వచ్చాడు, పదిరోజుల తర్వాత. అక్క కూడా వచ్చింది. ఇద్దరూ నాకు దూరంగా, ఆటోకు అవతలి పక్కన నిలబడ్డారు. నేనే డీజిల్ పోసి, పైపులో గాలి తీసి, తాడు గుంజాను. నాలుగోసారికి అంటుకుంది. నల్లటి పొగ బుస్సున లేచింది.

స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి పిడిని పళ్లతో కరిచాను.

డుగ్ డుగ్ డుగ్ డుగ్. బావ నవ్వుతూ కూర్చున్న ఆ రోజు, జగిత్యాల దారి, ఉస్తాద్ షెడ్డు, అన్నీ ఒక్కసారి తలలోకి వచ్చిపడ్డాయి. నాలుగో దెబ్బ ఇప్పటికీ కొంచెం మెత్తగానే పడుతోంది. అక్క చెప్పినట్టే. వేళ్లు నాలుగు చూపించి ఆమె వైపు తలూపాను. అక్కకు అర్థమైంది. కొంగు మొహానికి పెట్టుకుంది. పొగకో, ఏడుపుకో.

తర్వాత దగ్గు వచ్చి దూరంగా జరిగి, చేత్తో సైగ చేసింది, ఆపెయ్యమని. మహేందర్ పెదవులు చూశాను. "సప్పుడు మంచిదే మామా. పొగ మంచిది గాదు." ఆపేశాను. ఇనుపవాళ్లు వచ్చి ఎత్తుకుపోయారు.

పోయే ముందు మహేందర్ వ్యాను లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ మగ్గు, బట్టల సబ్బు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను నురుగు చేశాను. ఆరు జాయింట్లకూ పూశాను. అక్క వంగి ప్రతి ఒక్కటీ చూసింది. ఎక్కడా బుడగ లేదు. "రేపు జగిత్యాలకు నేను గూడ అస్త, సతీశ్ కాడికి" అన్నాడు మహేందర్, నాకు ఎదురుగా నిలబడి, నిదానంగా.

మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. స్వరూప గడప దగ్గర కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. ఎదురుగా కూర్చుని మొనను ఆమె ఒళ్లోని రేకు చాటకు ఆనించి, పిడిని పళ్లతో కరిచాను.

"గిదేం ఏషం? పిచ్చి లేసిందా?" ఆమె కత్తెర ఆపింది.

కానియ్యమని చేత్తో చెప్పాను. ఆమె నవ్వుతూ కత్తెర చాట అంచుకు ఆనించి మళ్లీ మొదలుపెట్టింది.

కటక్. కటక్. కటక్.

కట్టకు సరిపడా ఆకు అయ్యేదాకా స్క్రూడ్రైవర్ నోట్లోంచి తీయలేదు.